అన్వికి వేరుశనగ పెరుగు

నానక్‌రామ్‌గూడ,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దక్కకి నీ చెల్లెలు సత్యవతి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నీ మరిదీ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, మా దేవీ, నీ రెండు గేదెలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. గేదెల్ని కూడా ఎందుకు అడిగానంటే, ఈ ఉత్తరం నువ్వు పాక దగ్గర కూర్చుని పైకి చదివావంటే వాటికి నా మీద కోపం వస్తుంది. కాబట్టి లోపల కూర్చుని చదువుకో.

ఫోన్ ఉండగా ఉత్తరం రాయడమేమిటే అంటావు. ఫోన్లో నేను ఒక మాట అంటే నువ్వు పది అంటావు. ఈ సంగతి మొదటి నుంచి వరసగా చెప్పుకోవాలి. మధ్యలో నువ్వు ‘అయ్యో, అయ్యో’ అన్నావంటే నేను ఏడ్చేస్తాను, ఇక చెప్పలేను. ముందే రాస్తున్నాను, అందరూ బాగున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట మనసులో పెట్టుకుని చదువు.

నువ్వు మీ తోటికోడలి అన్నగారికి చెప్పి, నా తరఫున మాటిచ్చి పెట్టించిన పని ఇది. ఆ ఇంట్లో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఇంకెవరి నోటి నుంచో నీ చెవిన పడేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను.

మేం వచ్చి ఏడు నెలలైంది కదా. ఇప్పుడు వానలు. మా గది ఉన్న సందు పాత ఊరు, ఇరుగ్గా ఉంటుంది. సందు చివరికి వచ్చి తల ఎత్తితే అద్దాల మేడలు, మెడ పట్టేస్తుంది. నీ మరిది ఆ మేడల్లో పనిచేసేవాళ్ళని బస్సులో తెస్తాడు, దింపుతాడు. నేను పొద్దున్నే షేరింగ్ ఆటోలో నార్సింగి వెళ్తాను. ఆటోలో ముగ్గురు కూర్చునే చోట అయిదుగురం. నా పక్కన రోజూ ఒక నర్సమ్మ కూర్చుంటుంది, నా భుజం మీద తల పెట్టి నిద్రపోతుంది. పేరు కూడా తెలియదు నాకు. అయినా ఆమె రాని రోజు తోచదు. ఒంటరిగా ఉన్నావా అని నువ్వు అడుగుతావుగా, ఇదీ నా పరిస్థితి. బియ్యం అలవాటైంది. నీళ్ళు అలవాటయ్యాయి. గోడ మీంచి ‘ఏం కూరే’ అని అడిగేవాళ్ళు లేకపోవడమే ఇంకా అలవాటు కాలేదు.

నేను వంట చేసే ఇల్లు పద్నాలుగో అంతస్తు. ఇంటావిడ స్వప్నగారిది కంప్యూటర్ ఉద్యోగం. సగం రోజులు ఆఫీసుకి వెళ్తారు, సగం రోజులు ఇంట్లోనే ఒక గదిలో తలుపేసుకుని మాట్లాడుతూ ఉంటారు. వాళ్ళది కరీంనగర్ వైపు. మంచి మనిషి, మాట కరుకు. వాళ్ళాయన వారంలో నాలుగు రోజులు బెంగళూరులో ఉంటారు. వాళ్ళకి ఒక్కతే పాప, అన్వి. అయిదేళ్ళు. అక్కా, దానికి నోరు ఎంతో తెలుసా? మన దేవి ఆ వయసులో ఎలా ఉండేదో అలాగే. నా కూతుర్ని నీ దగ్గర వదిలి, ఇక్కడ ఇంకొకరి కూతురికి జడలు వేస్తున్నాను.

ఆ పాపకి పాలు పడవు. నేను పనిలో చేరిన మొదటి రోజే స్వప్నగారు ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించి చదివించారు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, పన్నీరు, పాలపొడి వేసిన బిస్కెట్లు, ఏవీ పాప నోట్లో పడకూడదు. తొమ్మిదో నెలలో ఎవరో ముద్దుగా చెంచాడు పాయసం పెడితే మొహమంతా ఉబ్బిపోయి ఊపిరి ఆడలేదట. అప్పటి నుంచి ఒక మందుల సంచి వాళ్ళ గుమ్మం పక్కనే వేలాడుతుంది. పాప ఎక్కడికి వెళ్తే సంచి అక్కడికి.

నిజం చెప్పనా? నేను మొదట్లో లోపల్లోపల నవ్వుకున్నాను. పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. పాలు పడకపోవడమేమిటి, పట్నం వాళ్ళ చోద్యం కాకపోతే అనుకున్నాను.

ఇక వాళ్ళింట్లో ఉన్న పాల సంగతి చెప్తాను విను. సోయా పాలు, బాదం పాలు, ఓట్స్ పాలు, కొబ్బరి పాలు, అన్నీ అట్టపెట్టెల్లో వరసగా నిలబడి ఉంటాయి. బాదం పాలంటే పెళ్ళిళ్ళలో ఇచ్చేలా పచ్చగా, తియ్యగా, చిక్కగా ఉంటాయనుకుని ఒక గుక్క తాగాను. బాదం పప్పు కడిగిన నీళ్ళు! సోయా పాలు పచ్చి చిక్కుడు వాసన. ఓట్స్ పాలు మాత్రం నాకు నచ్చాయి, గంజిలా కమ్మగా ఉన్నాయి. వాటితో కాఫీ కూడా బాగుంటుంది. నవ్వకు. నువ్వు తాగితే నువ్వూ అంటావు. పాపని చూసే డాక్టరమ్మ చెప్పిందట, ఈ పెట్టెల పాలన్నీ ఒకటి కావు, బాదం వాటిలో బలం తక్కువ, పిల్లకి సోయాయే కాస్త నయం, పైగా రాగులూ, నువ్వులూ, పప్పులూ రోజూ పడాలని. ఎముకల బలానికి అవి కావాలట. అందుకని నేను రోజూ రాగి దోసె, నువ్వుల పొడి, పల్లీ చట్నీ. వాళ్ళు పల్లీలంటారు, మన వేరుశనగ గుళ్ళే. ఆ చట్నీ ఉంటే అన్వి గోడకి ఉన్న సున్నమైనా తినేస్తుంది. ఇడ్లీలో చట్నీ కాదు, చట్నీలో ఇడ్లీ. వేలు నాకుతుంది, గిన్నె నాకుతుంది, చివరికి నా చెయ్యి కూడా నాకుతుంది.

కిందటి నెల స్వప్నగారి అత్తగారు ఊరి నుంచి వచ్చారు. నేను పెద్దమ్మగారంటాను. రాగానే మొదలుపెట్టారు.

“పాలు పడకపోవుడేంది? ఆవు పాలు పడకపోతే బర్రె పాలు పొయ్యాలె. బర్రె పాలు పడకపోతే మేక పాలు పొయ్యాలె. మా ఊర్ల మేకలున్నయి, పంపుత.”

“అత్తమ్మా, ఆవైనా, బర్రెయినా, మేకయినా ఒకటే అని చెప్పిన్రు. జర ఆ ముచ్చట ఆపుండ్రి” అని స్వప్నగారు విసుక్కున్నారు.

పెద్దమ్మగారికి మాత్రం పెరుగు లేకుండా ముద్ద దిగదు. అందుకని ఆవిడ కోసం వెనక బాల్కనీలో ఒక చిన్న ఫ్రిజ్‌లో విడిగా పెరుగు గిన్నె పెట్టించారు. పాప అటు వెళ్ళకుండా తలుపుకి గొళ్ళెం.

ఇలా ఉండగా ఒక రోజు అన్వి బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసి కూర్చుంది. పక్కన కూర్చునే పిల్ల రోజూ డబ్బాలో పెరుగన్నం తెచ్చుకుంటుందట. ఇది దూరంగా కూర్చోవాలట.

“నానమ్మా, పెరుగన్నం ఎట్లుంటది?” అంది.

“తెల్లగ, సల్లగ, మెత్తగ ఉంటది బిడ్డా.”

“ఐస్‌క్రీమ్ లెక్కనా?”

పెద్దమ్మగారు నా వైపు చూశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. అక్కా, తెలుగు ఇంట్లో పుట్టి అయిదేళ్ళొచ్చినా పెరుగన్నం రుచి తెలియని పిల్ల ఉంటుందా చెప్పు! ఆ క్షణాన నేను నిర్ణయించేసుకున్నాను. వేరుశనగ పాలతో పెరుగు చేసి ఈ పిల్లకి పెడతానని.

పొద్దున్నే గుళ్ళు నానబెట్టి, మధ్యాహ్నం పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ కాచాను. చూడ్డానికి అచ్చం నీ గేదె పాలలాగే ఉన్నాయి, వాసనే వేరు. వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి. ఆ పాపకోసం విడిగా ఉంచిన స్టీలు గిన్నెలో పోశాను. గిన్నె కడిగాను, గరిట కడిగాను, గుడ్డ వేడినీళ్ళలో ఉడికించాను. అంత జాగ్రత్త పడ్డాను అక్కా. అప్పుడు చెయ్యి చాపాను, పెద్దమ్మగారు అందించారు, వేసి కలిపి మూతపెట్టాను. మర్నాటికి చక్కగా తోడుకుంది. కొంచెం పల్చగా, కానీ పెరుగే.

స్వప్నగారికి కూడా చెప్పాను, వేరుశనగలతో పెరుగు చేశానని. ఆవిడ తలుపు సందులోంచి తల పెట్టి చూసి, “పల్లీలతోనా? సూపర్ అక్కా!” అని సంబరపడి మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయారు.

మెత్తగా కలిపి, కరివేపాకు తాలింపు వేసి పెట్టాను. పాప నాలుగు చెంచాలు తింది. అయిదో చెంచా దగ్గర పెదవి గోక్కుంది. “ఆంటీ, నాలిక మీద చీమలు కుడుతున్నయి” అంది. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, దగ్గు మొదలైంది. గట్టిగా కేక పెట్టాను. స్వప్నగారు పరుగున వచ్చి, సంచి లాగి, మందు పోసి, పాపని భుజాన వేసుకుని లిఫ్టులోకి దూకారు. నేను ఎంగిలి చేత్తోనే వెనక పరిగెత్తాను. ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేశారు. అరగంటలో ఊపిరి సర్దుకుంది. సాయంత్రానికి లేచి కూర్చుని బొమ్మలు చూపించమని గోల. బాగానే ఉందని మొదటే రాశాను కదా, కంగారు పడకు.

అప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచి అడిగింది, ఆ పెరుగులో ఏమేం వేశారని.

“వేరుశనగ గుళ్ళు, నీళ్ళు, అన్నంలోకి ఉప్పు, తాలింపు నూనె, కరివేపాకు. ఇంకేమీ లేదండి” అన్నాను. దేవుడి మీద ఒట్టు, అదే నిజమనుకున్నాను.

ఇన్నాళ్ళూ పల్లీలు తిన్న పిల్లే అయినా, ఒక్కోసారి కొత్తగా పడకపోవడం మొదలవ్వచ్చు, పరీక్ష చేసేదాకా పల్లీ అన్నది ఇంట్లో ఉండకూడదు అంది డాక్టరమ్మ. పరీక్షకి మూడు వారాల తరవాత రమ్మన్నారు. ఆ సాయంత్రమే స్వప్నగారు ఇల్లంతా గాలించారు. పల్లీల డబ్బా, పల్లీ పొడి, పల్లీ పట్టీలు, చట్నీ గిన్నె, అన్నీ సంచిలో వేసి బయట పెట్టేశారు. బడికి కూడా ఫోన్ చేసి చెప్పారు. అన్వి ఆ సంచి పట్టుకుని ఏడ్చిన ఏడుపు నేను చూడలేకపోయాను. పాలు లేవు, పెరుగు లేదు, ఇప్పుడు చట్నీ కూడా లేదు. “ఇగ నేనేం తినాలె?” అని అడిగింది.

నేను గదికి వచ్చాను. నీ మరిది అప్పటికే వచ్చి ఉన్నాడు. పాలు కాచి చల్లార్చి, అలవాటు ప్రకారం పెరుగు గిన్నెలోంచి చెంచాడు తీసి పాలలో వెయ్యబోయాను. చెయ్యి అలా గాల్లోనే ఆగిపోయింది.

తోడు.

పెద్దమ్మగారు అందించింది అదేగా! ఆవిడ చిన్న ఫ్రిజ్ తెరిచి, ఆవిడ గిన్నెలోంచి తీసిన చెంచాడు గేదె పెరుగు. గిన్నె కడిగాను, గుడ్డ ఉడికించాను, అంతా చేసి చివర్న నా చేత్తో నేనే ఆ పిల్లకి పడనిది కలిపాను. అక్కా, ఆలోచించు. పెరుగులో ఏం వేశావని ఎవరైనా అడిగితే నువ్వు తోడు పేరు చెప్తావా? చెప్పవు. పాలు అంటావు. తోడు వెయ్యడం మనకి పనే గానీ సరుకు కాదు. ముప్పై ఏళ్ళుగా వేస్తున్న చెయ్యి, మనసుని అడగకుండా వేసేసింది.

నేను నేల మీద కూలబడ్డాను. నీ మరిదికి చెప్పాను. ఆయన పాలగిన్నె మీద మూతపెట్టి నా పక్కన కూర్చున్నాడు. తరవాత అన్నాడు, “పిల్ల బాగానే ఉంది కదే. మూడు వారాల్లో పరీక్ష చేస్తారు, పల్లీ తప్పు లేదని వాళ్ళకే తెలుస్తుంది. ఇప్పుడు నువ్వు వెళ్ళి చెప్తే పని పోతుంది. దేవి పదో తరగతి. పోలీసులంటే ఏం చేస్తావు?”

ఆయన చెడ్డగా చెప్పలేదు. భయంతో చెప్పాడు. నాకూ అదే భయం. పైగా నువ్విచ్చిన మాట గుర్తొచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తోడు వేసేటప్పుడు ఉన్నది నేనూ, పెద్దమ్మగారూ ఇద్దరమే, ఆవిడకి తట్టలేదు. కాసేపు ఆ ఆలోచన నాకు హాయిగానే అనిపించింది. దాచను, నీ దగ్గర దాచి ఏం చేసుకుంటాను.

కానీ ఆ పిల్ల ‘ఇగ నేనేం తినాలె’ అన్న మాట చెవుల్లోంచి పోలేదు. నా తప్పుకి అది చట్నీ మానుకుని కూర్చోవాలా? అదీకాక రేపు ఇంకెవరైనా జీడిపప్పు పాలతోనో, కొబ్బరి పాలతోనో పెరుగు చేసి అదే తోడు వేస్తే?

పొద్దున్నే వెళ్ళాను. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, వంటింట్లోకి వెళ్ళకుండా హాల్లోనే నిలబడ్డాను. స్వప్నగారు కాఫీ కప్పు పట్టుకుని ఉన్నారు. పెద్దమ్మగారు అన్వికి సాక్సులు తొడుగుతున్నారు.

“పల్లీ తప్పు కాదండి. తప్పు నాది. ఆ పాలలో నేను మామూలు పెరుగే తోడు వేశాను” అన్నాను.

స్వప్నగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కప్పు బల్ల మీద గట్టిగా పెట్టారు.

“అక్కా, ఫ్రిజ్ మీద పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిపెట్టిన గదా! పెరుగు అని లేదా అండ్ల?”

“ఉందండి.”

“తోడంటే పెరుగే గదా!”

“ఇప్పుడు మీరంటే అవుననే ఉందండి. వేసేటప్పుడు మాత్రం పెరుగు వేస్తున్నానని నాకు తోచలేదండి. తోడు వేస్తున్నాననే అనుకున్నాను.”

ఆవిడ మొహం ఎర్రబడింది. ఇంకేదో అనబోయారు. అప్పుడు పెద్దమ్మగారు సాక్సు చేత్తో పట్టుకునే లేచారు.

“ఓ స్వప్నా, ఆ చెంచ నేనే ఇచ్చిన. నా గిన్నెలకెల్లి తీసి నా చేతులతోనే ఇచ్చిన. పెండ్లయిన కాడికెల్లి రోజూ తోడేస్తున్న, నాకు సుత తట్టలే. అంటే ఇద్దర్ని అను. ఆమెను ఒక్కదాన్నే అనకు.”

స్వప్నగారు సోఫాలో కూర్చుని మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నారు. తరవాత నెమ్మదిగా, “కొన్ని రోజులు రాకుండ్రి అక్కా. నాకు ఇప్పుడు ఏం సమజైతలేదు” అన్నారు. అంతే. నేను వచ్చేశాను. ఆ రోజు ఆటో కోసం చూడకుండా వానలో నడిచే వచ్చాను.

నాలుగు రోజులు గదిలో కూర్చున్నాను. పని పోయిందనే అనుకున్నాను. ఆ రోజుల్లోనే నువ్వు ఫోన్ చేసి ‘గొంతు అలా ఉందేమే’ అన్నావు, జలుబని చెప్పాను. క్షమించు. వానలు కదా, నమ్మావు.

అయిదో రోజు స్వప్నగారి ఫోన్. డాక్టరమ్మ తోడు సంగతి విని పరీక్ష ముందుకి జరిపిందట. “ఏమేసిన్రో మీరే వచ్చి చెప్పుండ్రి” అన్నారు. గొంతులో కోపం ఉందో లేదో పట్టుకోలేకపోయాను.

ఆసుపత్రికి వెళ్ళి అంతా చెప్పాను, గుళ్ళు నానబెట్టడం దగ్గర నుంచి. డాక్టరమ్మ కోప్పడలేదు. “నేనూ సరిగ్గా అడగలేదండి. ఏమేం వేశారన్నాను గానీ, దేంతో తోడు పెట్టారని అడగలేదు. నేను కూడా ఇంట్లో తోడేసుకునేదాన్నే” అంది. అప్పుడే నాకు అసలు సంగతి విడమరచి చెప్పింది. పాలు పడకపోవడం రెండు రకాలట. ఒకటి, పాలలో ఉండే చక్కెర అరగక కడుపు ఉబ్బడం, గ్యాసు, విరేచనాలు. పెద్దయ్యాక చాలామందికి ఉంటుందట, వాళ్ళకి పెరుగు కొంచెం పడొచ్చట. రెండోది మన అన్విది. పాలలో ఉన్న మాంసకృత్తులని ఒళ్ళు శత్రువు అనుకుంటుంది. దానికి చుక్కయినా ఒకటే, చెంబైనా ఒకటే.

తరవాత పాపకి అక్కడే వాళ్ళ కళ్ళ ముందు పల్లీ కొంచెం కొంచెంగా పెట్టారు. ఆవగింజంత, తరవాత శనగ గింజంత, తరవాత చెంచాడు. ప్రతిసారీ ఆగి చూడటం. స్వప్నగారూ, పెద్దమ్మగారూ, నేనూ బెంచీ మీద వరసగా కూర్చుని దాని పెదవుల వంకే చూస్తున్నాం. అది మాత్రం “ఇంకా పెట్టుండ్రి, ఇంకా పెట్టుండ్రి” అని నర్సు ప్రాణం తీస్తోంది. మధ్యాహ్నం దాటింది. ఏమీ కాలేదు. ఒక్క దద్దురు కూడా లేదు. పల్లీ నిర్దోషి అక్కా! నేను ఆసుపత్రిలోనే చెంగు మొహాన కప్పుకుని ఏడ్చేశాను. స్వప్నగారు నా చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టారు. బయటికి వచ్చాక కారు తలుపు తీసి, “రేపు ఆరున్నరకు రాండ్రి అక్కా. ఇడ్లీ పిండి లేదు ఇంట్ల” అన్నారు. అదీ నాకు దొరికిన మన్నింపు. ఎంత బాగుందో చెప్పలేను.

మళ్ళీ చేరి మూడు వారాలవుతోంది. ఇప్పుడు కాగితం మీద ‘తోడు’ అని కూడా రాశారు, ఎర్ర సిరాతో, కింద గీత గీసి. చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది, మంచిదే.

ఇక నీకు చెప్పాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మన చేలో నువ్వులు ఉంటే రెండు కిలోలు, రాగులు కాసినీ ఎవరైనా వచ్చేవాళ్ళ చేత పంపు. ఇక్కడి నువ్వులు చేదు. బావగారు రాత్రీ పగలూ త్రేన్పులు, కడుపుబ్బరం అంటారు కదా, పాలు తాగితే తగ్గుతుందని ఇంకో గ్లాసు తాగుతారు. రెండు వారాలు పాలు మాని చూడమను, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళమను. నీ గేదెల్ని అవమానిస్తున్నానని తిట్టుకోకు. దేవికి మాత్రం పాలు మానకు. పడేవాళ్ళకి మంచివేనని డాక్టరమ్మ కూడా అంది. దాన్ని పొద్దున్నే లేపి చదివించు, తిట్టు, కానీ జడ లాగి కట్టకు, దానికి తలనొప్పి వస్తుంది.

ఇప్పుడు అసలు కబురు. నిన్న శనివారం అన్వి పెరుగన్నం తింది.

ఎలా అంటావా? పెద్దమ్మగారు చెప్పారు, వాళ్ళ ఊళ్ళో తోడు దొరకని రోజు పచ్చిమిరపకాయ తొడిమలు పాలలో వేసేవారని. స్వప్నగారు ముందు ససేమిరా అన్నారు. డాక్టరమ్మని అడిగితే, దాంట్లో పాల సంబంధం ఏమీ లేదు కదా, మొదట అర చెంచాతో మొదలుపెట్టి చూడండి, మందు దగ్గర ఉంచుకోండి అంది. ఈసారి స్వప్నగారు సెలవు పెట్టి నా పక్కనే నిలబడ్డారు. ప్రతి గిన్నె ఆవిడే కడిగారు. పెద్దమ్మగారు తొడిమలు తుంచి ఒక్కొక్కటీ మా ఇద్దరికీ చూపించి మరీ వేశారు. మొదటిసారి తోడుకున్నది నీళ్ళలా ఉంది. దాంట్లోంచే చెంచాడు తీసి రెండోసారి వేస్తే గట్టిగా, గడ్డలా తోడుకుంది. గిన్నె వంచినా కదల్లేదు.

తెల్లగా, చల్లగా, మెత్తగా కలిపాను. మొదట అర చెంచా పెట్టి కూర్చున్నాం. గోడ గడియారం చూస్తూ, దాని మెడ చూస్తూ. ఏమీ కాలేదు. అప్పుడు గిన్నె ముందు పెట్టాం. స్వప్నగారు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు. పెద్దమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. అన్వి పెద్ద చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది.

“గింతేనా? దీనికోసమా నాకు సుయ్యి ఏయించిన్రు?” అంది.

సుయ్యి అంటే వాళ్ళ మాటలో ఇంజెక్షన్. పెద్దమ్మగారు పగలబడి నవ్వారు. స్వప్నగారు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశారు, ఆ ఏడుపులోనే నా మెడ చుట్టూ చెయ్యి వేశారు. పాప ఆ గిన్నె పక్కకి తోసేసి, “సత్య ఆంటీ, పల్లీ చట్నీ తే” అంది. తెచ్చాను. వేళ్ళతో సహా నాకేసింది.

బావగారికి నమస్కారాలు, దేవికి ముద్దులు. నువ్వు నా పేరు చెప్పుకుని ఎవరి ముందూ తల వంచుకోవాల్సిన పని రాకుండా దీవించు. నీ దీవెన తగిలితే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

నీ చెల్లెలు,
సత్యవతి